ఆర్గన్ ఆగదు

ఇక్కడ ఐర్లండ్‌లో, డబ్లిన్ పక్కనున్న స్వోర్డ్స్ నుంచి ఒకమ్మాయి పోయిన నెల మా ఇంటికి వచ్చింది. వాళ్ళ నాన్న ఎయిర్‌పోర్టు దగ్గర సాఫ్ట్‌వేరులో పనిచేస్తాడు. పియానో పరీక్షలన్నీ పాసైన ఈ పిల్ల, చర్చిలో ఆర్గన్ వాయించడమే వృత్తిగా పెట్టుకుంటానని ఇంట్లో ప్రకటించిందట. ఎవరూ గట్టిగా ఏమీ అనలేదు గానీ, ఆ వారమంతా వాళ్ళింట్లో కూరలకి ఉప్పు పడలేదట. టీ తాగుతూ నన్ను అడిగింది: "అంకుల్, ఈజ్ ఇట్ ఎ రియల్ జాబ్, లైక్?"

తెలుగులో అడిగి ఉంటే ఏదో ఒకటి చెప్పి బుకాయించేవాణ్ణి. డబ్లిన్ యాసలో సూటిగా అడిగేసరికి దొరికిపోయాను. "గ్రాండ్ జాబ్, అమ్మా" అని చెప్పి బిస్కెట్లు పెట్టి పంపేశాను. అడిగినదానికి అది జవాబు కాదు. జవాబు ఇది.

నేనెవరు

మీత్ కౌంటీలో ఒక ఊళ్ళో, కాథలిక్ చర్చిలో, మొదట సహాయ ఆర్గనిస్టుగా, తరవాత అసలు ఆర్గనిస్టుగా పనిచేశాను. యాభై దాటగానే మానేశాను. నేను ఇంకా నడివయసులోనే ఉన్నాను గానీ నా కుడి బొటనవేలు నన్ను వదిలేసి ఒక్కటే వృద్ధాప్యంలోకి వెళ్ళిపోయింది. కీలు అరిగిపోయిందని డాక్టరమ్మ చెప్పింది. ఆ డాక్టరమ్మ మా ఆవిడే కావడంతో రెండో అభిప్రాయానికి తావు లేకపోయింది.

అసలు ఈ దేశానికి వచ్చింది ఆవిడే. గవర్నమెంటు ఆసుపత్రిలో ఉద్యోగం ఆవిడది. సూట్‌కేసుల వెంట వచ్చిన సామాను నేను. మాది గుంటూరు వైపు లూథరన్ కుటుంబం. ఆదివారం గుడిలో హార్మోనియం వాయించేవాణ్ణి. ఇక్కడ ఇంట్లో కూర్చుని ప్రెస్సులో, అంటే వంటింటి అలమారలో, కప్పులు వరసగా సర్దుతుంటే, ఆ వరస చూసి మా ఆవిడకి భయమేసింది. "ఏవండీ, మీరిట్టా ఇంట్లోనే ఉంటే కప్పులతో మాట్లాడతారు. ఆ చర్చిలో ఎవరో జర్మనాయన ఉన్నాడంట, పోయి కనపడండి" అంది.

జర్మనాయన

ఆయన పేరు లోథర్. జర్మనీలో ఏదో చిన్న ఊరు. అక్కడ చర్చి సంగీతానికి పెద్ద చదువు ఉంటుంది. ఆర్గన్, బృందగానం, స్వరరచన అన్నీ నేర్పి పట్టా ఇస్తారు. పాడేవాళ్ళని కంటిచూపుతో కాల్చడం కూడా సిలబస్‌లోనే ఉంటుందని నా అనుమానం. ఆయన రాసిన సంగీతాన్ని అక్కడి పెద్ద పెద్ద చర్చిల్లో వాయించారు. ఒక్క ఏడాది ఉండి వెళదామని ఐర్లండ్ వచ్చి, వాన ఆగాక వెళదామనుకుని, ఇరవై ఏళ్ళు ఉండిపోయారు.

మనిషి ఎంత పొడుగంటే, ఆర్గన్ మేడ మెట్లు ఎక్కేటప్పుడు తల ముందు చేరేది, కాళ్ళు ఇంకా కింద ఫాదర్ టామ్‌తో మాట్లాడుతుండేవి. సంవత్సరమంతా ఒకటే కోటు. దాని జేబుల్లో పెన్సిళ్ళు, నలిగిన స్వరాల కాగితాలు, ఎప్పటిదో ఒక శాండ్‌విచ్. ఆ శాండ్‌విచ్ మీద ఆయన ఫ్యూగ్ అనే చిక్కుముడి రచన ఒకటి రాసి ఉంటారని పాటల బృందంలో వదంతి.

ఆయన రచనల గురించి నా అభిప్రాయం దాచను. పెద్దవి నాకు నచ్చవు. ఒక ఈస్టరుకి ఆయన భారీ ఆర్గన్ రచన వాయిస్తుంటే పైకప్పులోని పావురాలు పిల్లాపాపలతో సహా పక్కూరికి కాపురం మార్చేశాయి. చిన్నవి మాత్రం వేరే సంగతి. వాటిని ఆయన దర్జీ చొక్కా కుట్టినట్టు రాసేవారు. ముందు మనిషిని చూస్తారు, గొంతు ఎక్కడిదాకా సాగుతుందో ఎక్కడ బిగుస్తుందో వింటారు, ఆ కొలతకి పాట కత్తిరిస్తారు. పోస్టాఫీసులో స్టాంపులు అమ్మే ఆవిడకి ఒక పాట, బడిలో లెక్కలు చెప్పే ఆయనకి ఒక పాట. ఆ గొంతుల్లో విన్నాక ఇంకెవరైనా పాడితే అరువు చొక్కాలాగే ఉండేది.

పిల్లలూ, ఈ వృత్తిలో పేరు పెద్ద రచనలకి వస్తుంది. పని మాత్రం చిన్నవాటిలోనే ఉంటుంది.

మొదటి పాఠం

మొదటి రోజు నన్ను ఆర్గన్ ముందు కూర్చోబెట్టి, కింద కొందరిని పాడమని, వాళ్ళకి వాయించమన్నారు. నేను హార్మోనియం మనిషిని. మా గుడిలో పద్ధతి ఏమిటంటే, పాడేవాళ్ళు ముందు, పెట్టె వెనక. మా రాహేలమ్మగారు కీర్తన చివరి అక్షరాన్ని పట్టుకుంటే ఆ పక్క వీధిలో పాలు పొంగి, చల్లారి, తోడుకునేవి. ఆవిడ వదిలేదాకా నేను బెల్లో ఒత్తుతూ కాచుకుని ఉండేవాణ్ణి. అది మర్యాద. పెద్దవాళ్ళని తోసుకుని ముందుకు పోకూడదు.

ఇక్కడా అదే మర్యాద చూపించాను. వాళ్ళు ఊపిరి తీసుకుంటే ఆగాను. వాళ్ళు నెమ్మదిస్తే నేనూ నెమ్మదించాను. చూస్తుండగానే పాట బురదలో దిగిన ఎద్దుబండి అయిపోయింది. మూడో చరణానికి ఎద్దులు కూడా పడుకున్నాయి.

లోథర్ గారు తిట్టలేదు. నన్ను చెయ్యి పట్టుకుని కిందికి తీసుకెళ్ళి, బలిపీఠం దగ్గర నిలబెట్టి, మళ్ళీ పైకెక్కి ఒకే ఒక్క స్వరం నొక్కారు. ఆర్గనిస్టుకి కిందివాళ్ళు కనపడాలని పైన తగిలించిన అద్దంలో ఆయన చెయ్యి పడటం ముందు కనిపించింది. చప్పుడు తరవాత వచ్చింది. ఆర్గన్ చర్చి లోపల వెనకవైపు, మేడ మీద ఉంటుంది. పాడేవాళ్ళు ముందు, చాలా దూరంలో ఉంటారు. మనం వాయించింది వాళ్ళకి కాస్త ఆలస్యంగా చేరుతుంది. వాళ్ళు పాడింది మనకి ఇంకాస్త ఆలస్యంగా చేరుతుంది. మనం వాళ్ళకోసం ఆగితే వాళ్ళు మనకోసం ఆగుతారు. ఇద్దరు మర్యాదస్తులు గుమ్మం దగ్గర "మీరు ముందు" "అబ్బే, మీరు ముందు" అనుకుంటూ చచ్చిపోయేదాకా నిలబడ్డట్టు.

"హెర్ దాస్, ఆర్గన్ ఆగదు. గట్టిగా వాయించమనట్లేదు. ఆగొద్దంటున్నాను. అవతలివాళ్ళకి కాలు పెట్టడానికి నేల ఉండాలి" అన్నారు.

హెర్ అంటే వాళ్ళ భాషలో శ్రీ. ప్రభుదాసు అనే నా పేరులో ప్రభువుని ఆయన ఎప్పుడూ పలకలేదు. ఆ పాఠం నా చేతులకి ఎక్కడానికి ఏళ్ళు పట్టింది.

కేకుల కాలం

మాంద్యం మా ఊరికి వచ్చిన సంగతి నాకు పేపర్లు చెప్పలేదు, కేకులు చెప్పాయి.

మా బృందం సాధన గురువారం సాయంత్రం. ఎవరైనా దేశం విడిచి వెళుతుంటే చివరి గురువారం ఇంట్లో కాల్చిన కేకు తీసుకురావడం అక్కడి ఆనవాయితీ. అంతకుముందు ఎప్పుడో ఒకటి వచ్చేది. ఇళ్ళు కట్టే పనులు ఆగిపోయి, ఊరి చుట్టూ పైకప్పులు లేని గోడలు వానలో నానుతున్న ఆ రోజుల్లో, కేకులు వరదలా వచ్చాయి. ఎలక్ట్రీషియన్ పెర్త్ వెళ్ళాడు, నిమ్మకాయ కేకు. లెక్కల మాస్టారు టొరంటో వెళ్ళాడు, క్యారెట్ కేకు. అన్నదమ్ములిద్దరు కలిసి వెళ్ళిపోతూ రెండంతస్తుల చాక్లెట్ కేకు తెచ్చారు. అంత మంచి కేకు నేను తినలేదు, అంత మంచి బేస్ గొంతులు మళ్ళీ వినలేదు. గొంతులు తగ్గుతున్న కొద్దీ మిగిలినవాళ్ళ నడుములు పెరిగాయి. లోథర్ గారు గురువారం తలుపు దగ్గరే నిలబడి అందరి చేతులవంకా చూసేవారు. ఎవరి చేతిలోనైనా కేకు డబ్బా కనిపిస్తే ఆయన ముఖం వాడిపోయేది.

ఇంటికి వెళ్ళి రాసిందంతా తిరగరాసేవారు. నాలుగు గొంతులకి రాసింది మూడింటికి, మూడింటికి రాసింది రెండింటికి. చిన్నబిడ్డ ఉయ్యాలకి పెద్దమంచం కోసినట్టు. ఒకసారి నేను ఉండబట్టలేక, బేస్ గొంతులు లేవుగా, ఆ భాగం ఆర్గన్‌లో వాయించేద్దాం అన్నాను. పెన్సిలు కింద పెట్టి నావైపు చూశారు. మనిషి ఉన్నచోట మనిషే పాడాలి, మనిషి లేకపోతే లేడని తెలియాలి అన్నారు. అది మొండితనమని అప్పుడనుకున్నాను. సగం మొండితనమేనని ఇప్పుడూ అనుకుంటాను.

చివరికి మిగిలిన టెనర్, అంటే మగగొంతుల్లో పై శ్రుతివాడు, ఒక్కడే, డెక్లన్.

డెక్లన్

డెక్లన్ చిన్న బిల్డరు. ఊళ్ళో సగం వంటిళ్ళు అతను కట్టినవే. భుజాలు ఎంత వెడల్పంటే గురువారం అతను లోపలికి రావడానికి తలుపు రెండో రెక్క కూడా తియ్యాలి. ఆ ఛాతీకి తగ్గట్టు లోథర్ గారు అతనికి ఒక కీర్తన కట్టారు. అందులో మూడో వరుస పొడుగ్గా, మెల్లగా పైకి ఎక్కుతుంది. మామూలు మనుషులు దాన్ని మధ్యలో ఎక్కడో ఆగి దమ్ము తీసుకుంటే గానీ దాటలేరు. డెక్లన్ ఒక్క ఊపిరిలో ఎక్కేసి, పైన నిలబడి చుట్టూ చూసి, తాపీగా దిగేవాడు.

అతని భార్య నోరీన్‌ది ఆల్టో, ఆడగొంతుల్లో కింది శ్రుతి. పిట్టంత మనిషి. ఆ ఇంట్లో మాటలన్నీ ఆవిడవి, పాట అతనిది.

పనులు పూర్తిగా ఆగిపోయాక కూడా డెక్లన్ రోజూ పొద్దున్నే బూట్లు వేసుకుని వెళ్ళి ఇంటి ముందు వ్యానులో కూర్చునేవాడట. ఎక్కడికీ వెళ్ళేవాడు కాదు. ఒక మంగళవారం నోరీన్ టీ కప్పు పట్టుకెళ్ళి వ్యాను తలుపు తీసింది. గుండె ఆగిపోయి అప్పటికే కాసేపయింది.

ఇక్కడ ఆచారం ప్రకారం శవాన్ని ఇంట్లోనే ఉంచుతారు. ఊరంతా వస్తుంది. వరసగా చేతులు కలిపి, మెల్లగా ఒక మాట చెప్పి, వంటింట్లోకి వెళ్ళి టీ తాగుతారు. లోథర్ గారు, నేను, మా ఆవిడ ఎస్తేరు వెళ్ళాం. వంటింట్లో నోరీన్ కప్పులు కడుగుతోంది. చుట్టూ ఆడవాళ్ళు వద్దంటున్నా కడుగుతూనే ఉంది. లోథర్ గారిని చూసి చేతులు తుడుచుకుంది.

"రేపు డెక్లన్ పాట నేను పాడతాను."

అక్కడే ఉన్న ఫాదర్ టామ్, అంత శ్రమ ఎందుకమ్మా, మధ్యలో నీవల్ల కాకపోతే ఆ బాధ జీవితాంతం మోస్తావు అని మెత్తగా చెప్పాడు. మంచి మనిషి. ఆయన మాట కాదనడానికి అక్కడ ఎవరికీ కారణం కనిపించలేదు.

"ఫాదర్, ఏడాదిగా ఈ ఊరు అతన్ని వ్యానులో కూర్చున్నవాడిగా చూసింది. అలాగే పాతిపెట్టేస్తారు. అతను పాడేవాడని రేపు వాళ్ళు వినాలి" అంది నోరీన్. తరవాత లోథర్ గారివైపు తిరిగింది. "మేడ మీంచి కాదు. కింద. అతని పక్కన నిలబడి."

ఆయన మనసులో దూరం కొలుచుకున్నారు. మేడ మీద అయితే ఆవిడ ఆయన పక్కనే ఉంటుంది, ఊపిరి వినపడుతుంది, చేత్తో సైగ చెయ్యొచ్చు. కింద అయితే ఆ దూరమంతా మధ్యలో ఉంటుంది. అద్దంలో శవపేటిక కనిపిస్తుంది గానీ, స్తంభం అడ్డం వచ్చి మనిషి ముఖం కనిపించదు.

"నేను ఆగను, నోరీన్."

"ఆగమని అడగలేదే."

ఇంటికి వస్తూ కారులో మా ఆవిడ, "ఆయనేంటండీ, అంత దుఃఖంలో ఉన్న మనిషితో అట్టాగేనా మాట్లాడేది" అంది. నాకూ అలాగే అనిపించింది. మా రాహేలమ్మగారికోసం అంతసేపు ఆగినవాణ్ణి కదా.

ఆ ఉదయం

చర్చి నిండిపోయింది. బయట వానలో కూడా నిలబడ్డారు. లోథర్ గారు ఆర్గన్ ముందు కూర్చున్నారు. కాగితాలు తిప్పడానికి నేను పక్కన, కటకటాల దగ్గర నిలబడ్డాను. నాకు కింద అంతా కనిపిస్తుంది. ఆయనకి అద్దం ముక్కలో కనిపించినంతే.

నోరీన్ లేచి పేటిక పక్కకి వచ్చింది. నల్లకోటులో ఇంకా చిన్నగా ఉంది. ఎడమచెయ్యి మూత మీద పెట్టింది. లోథర్ గారు మొదలుపెట్టారు.

మొదటి వరుస బాగానే వచ్చింది. గొంతు సన్నగా ఉన్నా శ్రుతి తప్పలేదు. రెండో వరుసకి జనం దగ్గడం మానేశారు. మూడో వరుస మొదలైంది. ఎక్కుతోంది. సగంలో ఆవిడ గొంతు ఆగిపోయింది.

లోథర్ గారి చేతులు ఆగిపోయాయి.

జీవితంలో ఎవరికోసమూ ఆగని మనిషి, బిషప్పు తుమ్మినా ఆగని మనిషి, ఆగిపోయారు. వేళ్ళు నొక్కిన స్వరాల మీదే ఉండిపోయాయి. హార్మోనియం అయితే గాలి అయిపోయి తనే ఊరుకుంటుంది. ఆర్గన్‌కి ఆ దయ లేదు. నొక్కినంతసేపు అదే శ్రుతి, కదలకుండా, ఆ చర్చి అంతా నిలబడిపోయింది. ఆయన ముఖం చూశాను. ఆవిడ విరిగిపోయిందనుకుని, సర్దుకోనిద్దామని ఎదురుచూస్తున్నారు. ఆ క్షణంలో ఆయనలో జర్మనీ పట్టా ఏమీ లేదు. పక్కా గుంటూరు మర్యాద.

కిందికి చూశాను. నోరీన్ ఏడవడం లేదు. తల పైకెత్తి, నోరు కొంచెం తెరిచి, తిన్నగా మావైపే చూస్తోంది. ఆ చూపు నాకు తెలుసు. వీధి చివర బస్సుకోసం చూసే చూపు. ఆవిడ మాకోసం ఆగి ఉంది. మేము ఆవిడకోసం ఆగి ఉన్నాం. ఆ చెయ్యి మూత మీద బిగుసుకోవడం మొదలైంది. ముందు వరసలో ఆవిడ అక్క లేవబోతోంది. ఆవిడ వచ్చి భుజం పట్టుకుందంటే ఇక పాట లేదు.

నేను ఏ భాషలో అన్నానో తరవాత గుర్తుకొచ్చింది. "పోనీండి సార్" అన్నాను తెలుగులో. ఆయనకి తెలుగు రాదు. అందుకని ఆగిపోయిన కారుని తోసినట్టు అరచెయ్యి ఆయన వీపు మీద పెట్టి తోశాను.

చేతులు కదిలాయి. ఆర్గన్ తరవాతి స్వరంలోకి వెళ్ళిపోయింది, ఆవిడ లేకుండానే. ఒక స్వరం, రెండు. అప్పుడు కిందినుంచి నోరీన్ గొంతు వచ్చింది, కాస్త వెనక, పరిగెత్తి బస్సు అందుకున్నట్టు. పైకి ఎక్కింది. డెక్లన్ నిలబడే చోట నిలబడింది. అతనంతసేపు నిలబడలేకపోయింది. దిగింది. చివరి వరుస పూర్తిచేసి, మూత మీద చెయ్యి తీసి, తన చోటికి వెళ్ళి కూర్చుంది.

నేను చూసినంతలో, ఆ చర్చిలో ఆర్గన్ వైపు జనం వెనక్కి తిరిగి చూడటం అదొక్కసారే.

తరవాత

సమాధి దగ్గర పని అయ్యాక అందరికీ హోటల్లో సూపు, శాండ్‌విచ్‌లు. లోథర్ గారు ఒక మూల కోటు విప్పకుండా నిలబడ్డారు. నోరీన్ వరసగా అందరి చేతులూ కలుపుతూ ఆయన దగ్గరికి వచ్చింది. కృతజ్ఞతలు చెబుతుందనుకున్నాను.

"ఎందుకు ఆగారు?"

"నువ్వు..." అని ఆయన మాట వెతుక్కున్నారు. "నీవల్ల కాలేదనుకున్నాను."

"ఊపిరి తీసుకుంటున్నాను, లోథర్. అంతే. అది డెక్లన్ ఛాతీకి రాసిన పాట. నా సైజు చూడండి." ఆవిడ గొంతు తగ్గించింది. "మీరు ఆగగానే, నావల్ల కాలేదేమోనని నాకూ అనిపించింది. ఇంకొంచెం అలాగే ఉంటే నిజంగానే అయ్యేది కాదు."

ఆయన తల వంచుకున్నారు. అంత ఎత్తునుంచి తల వంగడానికి చాలాసేపు పట్టింది. ఆవిడ ఆయన మోచెయ్యి ఒకసారి తట్టి, పక్కవాళ్ళ దగ్గరికి వెళ్ళిపోయింది.

ఈ వృత్తిలోకి వచ్చే పిల్లలకి నేను చెప్పగలిగింది ఇంతే. మీరు వాయించే రోజుల్లో సగం, ఎదురుగా ఉన్నవాళ్ళకి అది బతుకులో అన్నిటికన్నా కష్టమైన రోజు. మీకు జాలి కలుగుతుంది. కలగాలి. ఆ జాలిని చేతుల్లోకి రానియ్యకండి. వాళ్ళు ఎప్పుడు విరిగిపోతారా అని చూస్తూ ఆగితే, విరిగిపోయారని మీరే వాళ్ళకి చెప్పినట్టు. ఇది రియల్ జాబేనా అంటే, అవును, అమ్మా. జాలిపడుతూనే చేతులు కదిలించడం ఉద్యోగమే. నాకు తెలిసి అంతకన్నా కష్టమైనది మా ఆవిడ ఒక్కతే చేస్తోంది.

ఆ తరవాతి గురువారం సాధనకి నోరీన్ వస్తుందని ఎవరూ అనుకోలేదు. వచ్చింది. చేతిలో డబ్బా లేదు. ఆల్టోల దగ్గర తన చోటు దాటి, అవతలి చివర డెక్లన్ వదిలిన ఖాళీ కుర్చీలో కూర్చుంది. అటువైపు ఇంకెవరూ లేరు. అందరం లోథర్ గారివైపు చూశాం, ఏదైనా ఓదార్పు మాట చెబుతారేమోనని.

ఆయన కళ్ళద్దాలు సర్దుకున్నారు.

"టెనర్లు, రెండో పేజీ పైనుంచి" అన్నారు, ఆ పక్క పది మంది ఉన్నట్టు.

నోరీన్ పాడింది. ఆడగొంతుకి ఆ కింది స్వరాలు అందీ అందకుండా ఉన్నాయి. వరుస మధ్యలో ఊపిరి చాలక ఆగింది. ఆయన వాయిస్తూనే ముందుకు వెళ్ళిపోయారు, తల కూడా తిప్పకుండా. ఆవిడ గాలి పీల్చుకుని, వెనకాలే వచ్చి కలిసింది.